‘సవతి తల్లి అంటే నువ్వే కదా, పిన్నీ?’

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు పెళ్ళయి ఏడాదిన్నర. భర్తకు ఇది రెండో పెళ్ళి. మొదటి భార్య జబ్బుచేసి చనిపోయి మూడేళ్ళయింది. ఏడేళ్ళ పాప ఉంది, రెండో తరగతి చదువుతోంది. ఈమెను ‘పిన్ని’ అని పిలుస్తుంది. నిద్రమత్తులో ఒకటి రెండుసార్లు ‘అమ్మా’ అందట, తెల్లవారాక మళ్ళీ పిన్నే.

పాప దగ్గర గట్టి అట్టతో లావుపాటి ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటి ఉంది. సిండరెల్లా, స్నోవైట్, హాన్సెల్-గ్రెటెల్, అన్నీ రంగుల బొమ్మలతో. పాపను కడుపుతో ఉన్నప్పుడు తల్లి దాన్ని అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతలో కొన్నారు. మొదటి పేజీలో ఆమె సంతకం, తేదీ ఉన్నాయి. ప్రతి రాత్రీ పాపకు అదే కావాలి. ఈమె ఇంగ్లీషు వాక్యం చూసుకుంటూ తెలుగులో చెబుతారు. ‘స్టెప్‌మదర్’ అన్న మాట వచ్చినచోటల్లా ‘రాణి’ అనో ‘ఆవిడ’ అనో దాటేసేవారు. నెల క్రితం పాప ఆ మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, “ఇక్కడ రాణి అని లేదు” అంది. కాసేపాగి, “సవతి తల్లి అంటే నువ్వే కదా, పిన్నీ?” అని అడిగింది. ఈమె ‘నిద్రపో’ అని లైటు ఆర్పేశారు.

ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. పాప ప్రతి ఆదివారం రామ్‌నగర్‌లో అమ్మమ్మ ఇంటికి వెళుతుంది. ఒకసారి తిరిగివచ్చి, ఈమె కలిపి పెట్టిన పప్పన్నం తింటూ, “సవతి తల్లులు అన్నం పెట్టరట, అమ్మమ్మ చెప్పింది” అంది. మొన్న పుస్తకం సర్దుతుంటే, అద్దం ముందు నిలబడ్డ స్నోవైట్ సవతి తల్లి బొమ్మకు నుదుటి మీద మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు కనిపించింది. ఈమె పెట్టుకునే బొట్టే. స్నానాల గది అద్దానికి అంటించి ఉంచిన వాటిలోంచి తీసినదే.

‘పుస్తకమే కదా, అటక మీద పడేయి’ అంటున్నారు భర్త. ‘ఆ అమ్మమ్మే నూరిపోస్తోంది’ అంటున్నారు అత్తగారు. ఈమె నన్ను అడిగింది ఇది: సవతి తల్లి లేని మంచి బొమ్మల కథల సంపుటి ఏదైనా ఉంటే చెప్పండి. ఉన్నదాన్ని దాచేయమంటారా?

*

ముందు ఆ బొట్టు సంగతి చూద్దాం, మీకు నిద్ర లేకుండా చేసింది అదే కాబట్టి. పుస్తకంలో మిగతా పేజీలు తిరగేశారా? ఉత్తరంలో ఆ మాట లేదు. తిరగేయండి. సిండరెల్లాకు కూడా బొట్టు ఉందేమో, తోడేలుకు కూడా ఉందేమో! నేను ఇరవై ఆరేళ్ళు ఒక బడి లైబ్రరీ చూసుకున్నాను. పిల్లలు తిరిగి ఇచ్చే బొమ్మల పుస్తకాల్లో మీసాలు, కళ్ళజోళ్ళు, జడలు, బొట్లు నాకు కొత్త కాదు. కోపంతో చేసిన పని చూడగానే తెలిసిపోతుంది. మొహం మీద పెన్సిలు పెట్టి కాగితం చిరిగేదాకా రుద్దుతారు. కనుబొమల నడుమ వంకర లేకుండా బొట్టు అంటించడానికి ఎంత ఓపిక కావాలో మీకు తెలుసు. బొట్టు లేని మొహం బోసిగా ఉందనుకుని ఉండవచ్చు. ‘ఇది పిన్ని’ అనుకునే పెట్టి ఉండవచ్చు కూడా. అలా అనుకున్నా, ‘పిన్ని చెడ్డది’ అని అనుకున్నట్టు కాదు. దాన్ని పీకేయకండి. ఎందుకు పెట్టావని నిలదీయకండి. పెద్దవాళ్ళు ‘ఎందుకు’ అంటే పిల్లలు మన మొహం చూసి, మనకు నచ్చే జవాబు తయారుచేస్తారు.

ఇక అసలు చిక్కు. ఆ పుస్తకం తెరిస్తే మీకు ముందుగా కనిపించేది సవతి తల్లి. పాపకు ఎవరు కనిపిస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. బడిలో తన పక్కన కూర్చునే పిల్లలందరికీ అమ్మ ఉంది. టీవీలో, పాఠ్యపుస్తకంలో, పక్క ఫ్లాటులో, ఎక్కడ చూసినా అమ్మ ఉంది. అమ్మ లేని అమ్మాయి కథానాయిక అయిన పుస్తకం ఆ ఇంట్లో అదొక్కటే. పైగా అది అమ్మ కొన్న పుస్తకం. రోజూ అదే ఎందుకు అడుగుతోందో నాకైతే వింతగా లేదు. జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల సిండరెల్లాలో మాయా దేవత ఎవరూ రారు. ఆ పిల్ల తల్లి సమాధి మీద ఒక కొమ్మ నాటి, కన్నీళ్ళతో పెంచుతుంది. అది చెట్టవుతుంది. దాని మీద వాలే తెల్లని పిట్ట ఆమెకు వెండి బంగారు బట్టలు పడేస్తుంది. తల్లి పోయినా ఆమె దీవెన పోలేదన్నమాట. మీ పుస్తకంలో ఈ కథ ఉందా, గుమ్మడికాయ బండి కథ ఉందా చూడండి. గుమ్మడికాయ, గాజు చెప్పు, మాయా దేవత ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన కథలోవి.

మీకు ఒక సంగతి చెప్పాలి. గ్రిమ్ సోదరులు తమ కథల మొదటి సంపుటిని 1812లో తెచ్చినప్పుడు స్నోవైట్‌ను చంపించబోయిన రాణి సవతి తల్లి కాదు, కన్నతల్లే. 1819 నాటి రెండో ముద్రణలో ఆమెను సవతి తల్లిగా మార్చారు. హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేద్దామన్న తల్లి కూడా మొదట సొంత తల్లే. 1840 నాటి ముద్రణకు వచ్చేసరికి ఆమె కూడా సవతి తల్లి అయింది. పుస్తకం పిల్లల గదుల్లోకి వెళ్ళడం మొదలయ్యాక, కన్నతల్లి ఇంత పని చేసిందని అచ్చువేయడానికి వాళ్ళకు చేతులు రాలేదు. నేరం చేసినవాళ్ళు ఒకరు, పేరు పడినవాళ్ళు ఇంకొకరు. రెండు వందల ఏళ్ళుగా మీలాంటివాళ్ళు మోస్తున్న నింద ఇది.

ఇది మీ మనసు తేలిక పడటానికే. పొరపాటున కూడా పాపకు చెప్పకండి. తల్లిని పోగొట్టుకున్న పిల్లకు, కథలో చెడ్డది నిజానికి కన్నతల్లేనమ్మా అని చెప్పడం కన్నా క్రూరమైన పని ఉండదు.

కాబట్టి సవతి తల్లి లేని సంపుటి కావాలంటే దొరకడం కష్టం. తొమ్మిదో శతాబ్దంలో చైనాలో రాసిపెట్టిన సిండరెల్లా లాంటి కథలోనూ ఆమె ఉంది. మన బాలనాగమ్మ కథ మొదలయ్యేదే అలా: తల్లి పోయిన ఏడుగురు ఆడపిల్లలను, రెండో భార్య మాట విని, రాజు అడవిలో వదిలేస్తాడు. ధ్రువుడికి సురుచి ఉంది. పత్రికవాళ్ళు కూడా నిధులు రాకపోతే ‘సవతి తల్లి ప్రేమ’ అనే రాస్తారు. ఎన్ని పుస్తకాలు దాస్తారు? కైకేయి ఉన్న అయోధ్యలోనే సుమిత్ర కూడా ఉంది. తన కొడుకును సవతి కొడుకు వెంట అడవికి పంపిన తల్లి. కైకేయి గుర్తున్నంతగా ఆమె మనకు గుర్తుండదు, అంతే.

ఆ రాత్రి లైటు ఆర్పేశారు కదా, ఆ ప్రశ్న ఇంకా చీకట్లోనే ఉంది. దానికి జవాబు చెప్పడానికి మీకు రెండు మూడు దారులున్నాయి. ‘కాదు, నేను నీ పిన్నిని’ అనవచ్చు. ఈ పూటకు గడుస్తుంది. రేపు బడిలో ఎవరో అవునంటారు, మీరు అబద్ధం చెప్పినట్టవుతుంది. ‘నేను అలాంటిదాన్ని కాదమ్మా’ అని బతిమాలుకోవచ్చు. అప్పుడు మిమ్మల్ని సముదాయించే భారం ఏడేళ్ళ పిల్ల మీద పడుతుంది. ‘అవును, అమ్మ పోయాక నాన్న పెళ్ళి చేసుకున్న మనిషిని అలా అంటారు’ అని తేలికగా చెప్పి, ‘ఈ కథలో ఆవిడ పాడు పని చేసింది’ అని కథలోకి వెళ్ళిపోవచ్చు. నాకు ఇది నచ్చుతుంది, కానీ మీ గొంతు వణకని రోజు చూసుకుని చెప్పండి. 

మాట సంగతి వచ్చింది కాబట్టి: ‘సవతి’లో పోరు ఉంది. మీరూ, పాప తల్లీ ఒక్కరోజు కూడా సవతులు కాలేదు. తెలుగులోనే ‘మారుతల్లి’ అన్న పాత మాట ఉంది, అందులో ఆ పోరు లేదు. ఇంగ్లీషులో ‘స్టెప్’ అన్న ముక్కకు మొదటి అర్థం, అయినవాళ్ళను పోగొట్టుకోవడం. అంటే ఆ మాట పుట్టింది పిల్ల దుఃఖంలోంచి. చదివేటప్పుడు ‘మారుతల్లి’ అని చెప్పి చూడండి. అయితే ‘రాణి’ అని మాత్రం మార్చకండి. ఆ అమ్మాయికి చదువు వచ్చేసింది.

పుస్తకం విషయానికి వద్దాం. అటక మీద పెడితే ఏమవుతుంది? ఆదివారానికల్లా రామ్‌నగర్‌కు తెలుస్తుంది. అమ్మ సంతకం ఉన్న పుస్తకాన్ని పిన్ని దాచిందన్న ఒక్క వాక్యం చాలు, మీరు ఏడాదిన్నరగా కలిపి పెట్టిన పప్పన్నమంతా వృథా. ఆ పని కథల్లో సవతి తల్లులు చేసేదే కదా! అలాగని రోజూ మీ గుండె కోసుకుంటూ చదవమనీ అనను. చదవలేని రోజున వాళ్ళ నాన్నను చదవమనండి. ఆయన ‘పుస్తకమే కదా’ అన్నారు కాబట్టి, అది ఉత్త పుస్తకమో కాదో ఆయనకూ తెలుస్తుంది.

మూడో దారి, దాని పక్కన ఇంకో పుస్తకం చేర్చడం. ఇక్కడ ఒక జాగ్రత్త. అమ్మ పుస్తకానికి బదులుగా తెచ్చినట్టు కనిపిస్తే కొత్తది అరలోనే ఉండిపోతుంది. రెండూ ఒకే అరలో, పాత పుస్తకం ముందు.

ఏది కొనాలి అని అడిగారు కాబట్టి చెబుతాను, అది నాకు ఇష్టమైన పని. అట్ట చూసి కొనకండి. అంగడిలోనే నిలబడి ఒక కథ చివరి పేజీ చదవండి. పెరో సిండరెల్లా చివర అక్కలను క్షమించి, వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా చేస్తుంది. గ్రిమ్ కథలో చెప్పు పట్టడానికి ఒకతె బొటనవేలు, ఇంకొకతె మడమ కోసుకుంటారు, ఆఖరున పావురాలు వాళ్ళ కళ్ళు పొడుస్తాయి. రెండూ అసలు కథలే. మీరు మెత్తనిది ఎంచుకుంటే పిల్లను మోసం చేసినట్టు కాదు. ఈ తేడా తెలియకే చాలామంది కరుకు కథ కొని, చదివేటప్పుడు నీళ్ళు కలుపుతారు. స్నోవైట్ చివర రాణి ఎర్రగా కాలిన ఇనుప చెప్పులు తొడుక్కుని చచ్చేదాకా ఆడాలి. అది మీ కొత్త పుస్తకంలో ఉందో లేదో ఇంటికి తెచ్చాక తెలియడం మంచిది కాదు.

నన్నడిగితే మీ ఇంటికి గ్రిమ్ కన్నా డెన్మార్క్ రచయిత ఆండర్సన్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆయన కథల్లో సవతి తల్లులు తక్కువే. 1845 నాటి అగ్గిపుల్లల పిల్ల కథ చూడండి. చలిలో అగ్గిపుల్లలు గీసుకుంటూ ఆ పిల్ల చనిపోయిన బామ్మను చూస్తుంది, బామ్మ ఆమెను చేతుల్లోకి తీసుకుని పైకి వెళ్ళిపోతుంది. పోయినవాళ్ళు వచ్చి తీసుకుపోతే బాగుంటుందన్నట్టు ఉంటుంది ఆ వెలుగు. పెద్దయ్యాక చదవవచ్చు, ఇప్పుడే తొందరేమీ లేదు.

బొమ్మల గురించి ఇంకాస్త చెప్పాలి. నోటితో చెప్పిన కథలో ఎవరి రాక్షసి వాళ్ళది. బొమ్మ పడిందంటే అందరికీ ఒకే మొహం ఖాయమైపోతుంది. అందుకని చిత్రకారుడు ఏ క్షణాన్ని ఎంచుకున్నాడో చూడండి. స్నోవైట్‌లో అద్దం ముందు రాణి ఉంది, మరుగుజ్జుల బల్ల మీద ఏడు చిన్న కంచాలు ఉన్నాయి, గాజు పెట్టె ఉంది. పూర్తి పేజీ దేనికి ఇచ్చారు? మీ పుస్తకంలో రాణికి ఇచ్చారు. కంచాలకు ఇచ్చిన పుస్తకం వేరే పుస్తకం అవుతుంది, మాటలన్నీ అవే అయినా. ఇంగ్లీషు చిత్రకారుడు ఆర్థర్ రాకమ్ 1909లో గ్రిమ్ కథలకు 40 రంగుల బొమ్మలు వేశాడు. ముడతలు పడ్డ చెట్లు, సన్నని పొడుగు వేళ్ళు. నాకు ప్రాణం. ఒంటరిగా పడుకునే ఏడేళ్ళ పిల్లకు మాత్రం మొదటి పుస్తకంగా ఇవ్వను. భయంకరమైనదంతా తీసేయాలని కాదు. చందమామలో శంకర్ వేసిన బేతాళ కథల బొమ్మ గుర్తుందా? శ్మశానం, భుజాన శవం, చేతిలో కత్తి. తెలుగు పిల్లలు తరాల పాటు అది చూసి హాయిగా నిద్రపోయారు. విక్రమార్కుడి నడకలో బెదురు లేదు కాబట్టి. పిల్లలు ముందు కథానాయకుడి మొహం చూస్తారు, ఆ తర్వాతే దయ్యాన్ని.

ఇంకొకటి, మంచివాళ్ళంతా తెల్లగా, చెడ్డవాళ్ళంతా నల్లగా, వంకర ముక్కుతో ఉన్న పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. చిత్రకారుడి పేరు ఎక్కడా లేని చవక సంపుటాల్లో ఈ జబ్బు ఎక్కువ. పుస్తకం ఒళ్ళో పరిస్తే బల్లపరుపుగా తెరుచుకోవాలి. లేకపోతే రెండు పేజీల బొమ్మలో సగం మొహం కుట్టులోకి పోతుంది. తెలుగుదైతే వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉండాలి, పాప తానే చదువుకునే రోజులు వచ్చేశాయి.

కథల్లో నా ఎంపిక చెప్పమంటే, గ్రిమ్‌దే ‘బ్రెమెన్ వాద్యగాళ్ళు’. యజమానులు వదిలించుకోబోయిన గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు కలిసి బ్రెమెన్‌కు బయలుదేరి, బ్రెమెన్ చేరకుండానే దారిలో దొరికిన ఇంట్లో స్థిరపడిపోతాయి. ఒకదానికొకటి ఏమీ కావు. పెరో రాసిన ‘బూట్లు వేసుకున్న పిల్లి’ సరదాగా ఉంటుంది. తెలుగులో ఏడు చేపల కథ ఉండనే ఉంది. మా తరానికి విశాలాంధ్ర షాపుల్లో చవకగా దొరికిన రష్యన్ బొమ్మల పుస్తకాల్లో కొన్నిటిని మన హైదరాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వాళ్ళు మళ్ళీ తెచ్చారు, అవీ చూడండి. రష్యన్ కథల్లో వసిలీసా కథ ఒకటి ఉంది. చనిపోతూ తల్లి కూతురికి ఒక చిన్న బొమ్మ ఇస్తుంది. కష్టం వచ్చినప్పుడల్లా దానికి కాస్త తిండి పెట్టి చెప్పుకుంటే దారి చూపిస్తుంది. అందులోనూ సవతి తల్లి ఉంది, చెడ్డదే. అయినా మీ పాపకు ఏనాటికైనా ఆ కథ చెప్పాలి. అది మీరు చెప్పాలా, అమ్మమ్మ చెప్పాలా అన్నది మీరు తేల్చుకోండి.

అమ్మమ్మ దగ్గరకు వచ్చాం. ఆమెను మీరు ఏమని పిలుస్తున్నారో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ‘పాప అమ్మమ్మ’ అనే రాశారు. ఆమె నిజంగా మిమ్మల్ని ఉద్దేశించే అందో, ఏదో కథ చెబుతుంటే పాప సగం ముక్క మోసుకొచ్చిందో మనకు తెలియదు. పిల్లలు కథలు సగమే మోస్తారు. పాప కూడా ముద్ద మింగుతూ అన్న మాట అది. నిష్ఠూరమే అయితే ముద్ద ఆగేది.

మీ భర్త చేత గట్టిగా చెప్పించవచ్చు. ఆమె మాట ఆగుతుంది, బహుశా ఆదివారాలూ ఆగుతాయి. అమ్మ గురించి పాపకు చెప్పగల మనిషి దూరమవుతుంది. మీ అత్తగారిని మాత్రం ఈ రాయబారానికి పంపకండి. ఏమీ మాట్లాడకుండా ఊరుకోవచ్చు. కొంతకాలం గడుస్తుంది, కానీ మీలో పేరుకుపోతుంది. లేదా ఒక ఆదివారం పాపతో పాటు మీరే వెళ్ళవచ్చు, ఆ పుస్తకం తీసుకుని. ‘మీ అమ్మాయికి ఇందులో ఏ కథ ఇష్టం?’ అని అడగండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ మాట అడిగినవాళ్ళు ఈ మూడేళ్ళలో ఎందరున్నారో! ఆమె ఏడవవచ్చు. మొహం తిప్పుకోనూ వచ్చు. మొదటిసారే కలిసిపోతారని నేను పూచీ ఇవ్వలేను. కుదిరితే ముగ్గురూ కలిసి అబిడ్స్ వెళ్ళండి, పాప తల్లి ఈ పుస్తకం కొన్న ఆ సంతకే. ఎండెక్కక ముందు వెళ్ళండి. లేదా కొనే ముందు అరువు తెచ్చి చూస్తామంటే, రామ్‌నగర్‌కు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరే. డిసెంబరు దాకా ఆగగలిగితే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండుగ.

ఇవన్నీ చేసినా పాప రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా, తిండి మానేసినా, బడికి వెళ్ళనంటున్నా పుస్తకాల సలహాలు ఆపి, పిల్లల మనస్తత్వ నిపుణులను కలవండి. ఉత్తరాన్ని బట్టి అలాంటిదేమీ లేదనిపిస్తోంది.

కొత్త పుస్తకం కొన్నాక మొదటి పేజీలో మీరు సంతకం చేయకండి. పెన్ను పాప చేతికే ఇచ్చి, ఎవరి పేరు రాస్తావో రాయమనండి. నాకు తెలిసిన ఏడేళ్ళ పిల్లలందరూ పెద్ద పెద్ద అక్షరాలతో తమ పేరే రాసుకున్నారు. తోడేలుకు బొట్టు ఉందో లేదో మాత్రం మరిచిపోకుండా నాకు రాయండి.